పాపకు పల్లీలు పడవు... స్కూల్లో ఫుడ్ ఫెస్ట్‌కి పంపేదెలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

బడుల్లో విరాళాల కోసం పెట్టే తినుబండారాల స్టాళ్లు, చాక్లెట్ల అమ్మకాల గురించి, ఆహార అలర్జీ ఉన్న పిల్లల తల్లిదండ్రులు, టీచర్లు రాసిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా పాప రెండో తరగతి. పల్లీలు పడవు. ఒకసారి పల్లీపట్టి చిన్న ముక్క నోట్లో పెట్టుకుంది, ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, పిల్లికూతలు. ఆసుపత్రిలో చేర్చాం. వచ్చే నెల స్కూల్లో ఒక అనాథాశ్రమం కోసం ఫుడ్ ఫెస్ట్ పెడుతున్నారు, తరగతికో స్టాల్. 'మన స్టాల్లో పల్లీలు ఉండవులెండి' అంటున్నారు టీచరమ్మ. పంపించొచ్చా? – ఓ తల్లి, హైదరాబాద్

జవాబు: పంపొచ్చమ్మా. అయితే ఆ ఒక్క మాట మీద భరోసా పెట్టుకుని మాత్రం వద్దు. టీచరమ్మ అబద్ధం చెప్పడం లేదు. చాలామందికి పల్లీ అంటే కంటికి కనిపించే గింజే. మన వంటల్లో అది కనిపించకుండా ఉండే చోట్లే ఎక్కువ.

పులిహోరలో, అటుకుల ఉప్మాలో పల్లీలు పైకే కనిపిస్తాయి కాబట్టి పాప కూడా గుర్తుపడుతుంది. తంటా అంతా ఇడ్లీ, పునుగుల పక్కన పెట్టే చట్నీతోనే. పొద్దున పదింటికి అది అచ్చమైన కొబ్బరి చట్నీయే. పన్నెండింటికి జనం పెరిగి గిన్నె అడుగంటేసరికి, ఎవరో ఇంటి నుంచి తెచ్చిన పల్లీ చట్నీ అందులోనే పోసి కలిపేస్తారు. కట్ మిర్చి మీద చల్లే ఉల్లిపాయ ముక్కల్లో పల్లీలుంటాయి. బిర్యానీతో ఇచ్చే మిర్చీ కా సాలన్‌లో, గుత్తి వంకాయ కూరలో పల్లీలు, నువ్వులు నూరి వేస్తారు. నూరిన ముద్దలో పల్లీ ఉందో లేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

నూనె గురించి విడిగా అడగాలి. అలర్జీ తెచ్చేది పల్లీలోని ప్రొటీన్. బాగా రిఫైన్ చేసిన వేరుశనగ నూనెలో ఆ ప్రొటీన్ దాదాపు మిగలదు. గానుగ నూనెలో మిగులుతుంది. ఆరోగ్యానికి మంచిదని ఇప్పుడు చాలా ఇళ్లలో గానుగ నూనే వాడుతున్నారు. అందుకని 'ఏ నూనె వాడతారండీ?' అని అడిగి ఊరుకోకండి, డబ్బా ఫొటో తీసి పంపమనండి. పొద్దుతిరుగుడు నూనే వాడినా, ఆ మూకుట్లో అంతకుముందు మసాలా పల్లీలు వేయించి, ఆ నూనెనే వడగట్టి పోశారంటే చేసిన జాగ్రత్త వృథా.

మిక్సీ జారు మరో చిక్కు. పల్లీల పొడి కొట్టి, కడిగేశామంటారు. మూత లోపలున్న రబ్బరు వాషరు ఊడదీసి చూడండి, దాని కింద గాడిలో గోధుమరంగు పొడి ముద్దకట్టి అంటుకుని ఉంటుంది. బ్లేడు కింది సందులోనూ అంతే. ఆ జారులో నూరిన పచ్చిమిర్చి మసాలా మీ పాపకు పనికిరాదు. ఇంట్లో పాప కోసం వాడే జారు వేరే పెట్టుకొమ్మని మేం మొదట్నుంచీ చెబుతున్నది ఇందుకే.

ఇక చేయాల్సిన పని. ఫుడ్ ఫెస్ట్ ఇంకా మూడు వారాలుందనగానే క్లాస్ టీచర్ని, స్టాల్ చూసుకునే తల్లిదండ్రుల్ని ఒకసారి కలవండి. స్కూలు మొత్తం పల్లీలు మానేయాలని పట్టుబట్టకండి, అది జరిగే పని కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బళ్లలో మధ్యాహ్న భోజనంతోపాటు పల్లీ చిక్కీనే ఇస్తున్నారు, పల్లీ మన పిల్లల రోజువారీ తిండి. మీరు అడగాల్సినవి మూడే. మీ పాప తరగతి స్టాల్లో పల్లీ, నువ్వులు, జీడిపప్పు లేని వంటకం పెట్టడం. పల్లీ చట్నీ, కట్ మిర్చి, చాట్ లాంటి స్టాళ్లను ఆ స్టాల్‌కు దూరంగా, వరసకు రెండో చివర వేయడం. ప్రతి స్టాల్ ముందూ వంటకం పేరుతోపాటు అందులో ఏమేం వేశారో రాసిన అట్టముక్క నిలబెట్టడం. ఆ అట్ట మీద పిండి, నూనె, పోపు, చట్నీ, పైన చల్లినవి అన్నీ ఉండాలి. 'మసాలా' అని ఒక్క మాటలో తేల్చేస్తే దండగ.

స్టాల్‌కు ఏం పెట్టాలా అంటే, ప్యాకెట్లలో సీలు వేసి వచ్చినవి అన్నిటికన్నా మేలు. చిన్న జ్యూస్ డబ్బాలు, సాదా చిప్స్, తొక్క తీయకుండా ఇచ్చే అరటిపళ్లు, అక్కడికక్కడ కోసిన పుచ్చకాయ ముక్కలు. కత్తి, పీట కొత్తవి గానీ మీ ఇంటివి గానీ అయ్యుండాలి. మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం గోధుమ లాంటి గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు-పీతల జాతి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు-గింజ పప్పులు (బాదం, జీడిపప్పు లాంటివి), సోయా, కిలోకు 10 మి.గ్రా. లేదా అంతకు మించిన సల్ఫైట్లు ఉంటే ప్యాకెట్ మీద విడిగా చెప్పాలి. ఈ జాబితాలో నువ్వులు లేవు, శనగపిండి లేదు. ఆ రెండిటిలో ఏదైనా పడని పిల్లలున్నవాళ్లు కింద విడిగా రాసిన వరస మాత్రమే చూసి వదిలేయకుండా, పదార్థాల పట్టీ మొదటి నుంచి చివరి దాకా చదవాలి.

ఆ రోజు పాప తినేది ఇంటి నుంచే పంపండి. స్నేహితులు తినే వాటికి దగ్గరగా ఉండేలా చూడండి. అందరూ పునుగులు తింటుంటే మీ పాప డబ్బాలోనూ పునుగులే ఉండాలి, పెరుగన్నం కాదు. డబ్బా మూత మీద పేరుతోపాటు 'బయటివి పెట్టవద్దు' అని రాయండి.

పాపను ఇంట్లో కూర్చోబెట్టడం కన్నా ఒక పని అప్పజెప్పడం మంచిది. కూపన్ల బల్ల దగ్గర కూర్చోబెట్టండి. పల్లీలు తిన్న చేతులతో ఇచ్చిన నోట్లు, కూపన్లు ముట్టుకుంటుంది కాబట్టి తినేముందు సబ్బుతో, పారే నీళ్లతో చేతులు కడగాలి. శానిటైజర్ రాసుకుంటే సూక్ష్మక్రిములు చస్తాయేమో గానీ పల్లీ ప్రొటీన్ చేతి మీదే ఉంటుంది. కుళాయి దూరమైతే తడి వైప్స్‌తో వేళ్ల సందులు కూడా గట్టిగా తుడవాలి. పల్లీల వాసన వస్తేనే ఏదో అయిపోతుందని మాత్రం కంగారు పడొద్దు. వాసనలో ప్రొటీన్ ఉండదు, ప్రమాదం నోట్లోకి పోవడంతోనే. చేపలు, రొయ్యల సంగతి వేరు. అవి వేయించేటప్పుడు, ఉడికించేటప్పుడు లేచే ఆవిరిలో ప్రొటీన్ ఉంటుంది కాబట్టి అవి పడని పిల్లల్ని ఆ పొయ్యి దరిదాపుల్లో నిలబెట్టకూడదు.

ప్రశ్న: మా అబ్బాయికి పాలు పడవు. ఈ మధ్య క్లాసులో కేకుల అమ్మకం పెట్టారు. 'ఎగ్‌లెస్ కేకే, పచ్చ చుక్క కూడా ఉంది, తినొచ్చు' అని పెట్టబోయారట, వాడే వద్దన్నాడు. మేమే పాలు, గుడ్లు లేని కేక్ చేసి పంపాలనుకుంటున్నాం. ఎలా చేయాలి? – విజయవాడ నుంచి ఓ పాఠకురాలు

జవాబు: ముందు మీ అబ్బాయిని మెచ్చుకోవాలి. పచ్చ చుక్క అంటే శాకాహారం అని మాత్రమే అర్థం. అందులో పాలు, వెన్న, కోవా, పాలపొడి ఏదైనా ఉండొచ్చు. పైగా ఎగ్‌లెస్ కేకుల్లో గుడ్డు లోటు తీర్చేందుకు కండెన్స్‌డ్ మిల్కో, పెరుగో పోస్తారు. అంటే పాలు పడని పిల్లలకు గుడ్డు కేకు కన్నా అదే ఎక్కువ ప్రమాదం. నెయ్యి కాచి వడగట్టాం కదా అంటారు కొందరు. అందులోనూ పాల ప్రొటీన్ జాడలు మిగులుతాయి. 'లాక్టోజ్ ఫ్రీ' పాలు కూడా పనికిరావు. అందులో లాక్టోజ్ అనే చక్కెర మాత్రమే విడగొడతారు, ప్రొటీన్ మామూలే. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు అయ్యేవాళ్లకు అవి పనికొస్తాయి గానీ అలర్జీ ఉన్నవాళ్లకు కాదు. బడిలో ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది, విడమరిచి చెప్పండి.

కేకుకు మైదా 190 గ్రాములు, పంచదార 200 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 3 టేబుల్ స్పూన్లు, వంటసోడా ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను తీసుకుని అన్నీ కలిపి జల్లించండి. మధ్యలో గుంట చేసి పొద్దుతిరుగుడు నూనె 75 మి.లీ., వెనిగర్ ఒక టేబుల్ స్పూను, వెనీలా ఎసెన్స్ ఒక టీస్పూను పోసి, ఆపైన 240 మి.లీ. నీళ్లు పోసి కలపండి. ఎనిమిది అంగుళాల చదరపు ట్రేలో పోసి 175 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. ట్రేకు వెన్న రాయకండి, అలవాటులో చెయ్యి అటే పోతుంది. నూనె రాసి మైదా చల్లండి.

ఇందులో తప్పు జరిగేది ఒక్క చోటే. వెనిగర్ తగలగానే సోడా పొంగడం మొదలుపెడుతుంది, గిన్నెలో సన్న బుడగలు చిటపటలాడటం కనబడుతుంది. కేకును పైకి లేపేది ఆ గాలే. ఓవెన్ ముందుగా వేడి చేసుకోకుండా పిండి కలిపి పావుగంట పక్కన పెట్టారంటే గాలంతా పోయి కేకు మధ్యలో గుంట పడుతుంది, అడుగు జిగటగా ఉండిపోతుంది. తడి, పొడి కలిశాక ముప్పై నలభై తిప్పులకు మించి తిప్పకండి, మైదా సాగి కేకు గట్టిపడుతుంది. పూర్తిగా ఆరాక పదహారు ముక్కలు కోసి, ఒక్కొక్కటీ ఇంట్లోనే చుట్టి, పదార్థాల చీటీ అంటించండి. విప్పి బల్ల మీద పెడితే పక్క కేకుల క్రీము కత్తి దీన్లోకీ దిగుతుంది. చీటీ మీద 'గోధుమ ఉంది' అని తప్పకుండా రాయండి, మైదా పడని పిల్లలకు ఇది పనికిరాదు. కొన్న కోకో పొడి లేబుల్ కూడా చూసుకోండి, తాగే చాక్లెట్ పొడుల్లో పాలపొడి కలిపి ఉంటుంది.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. అబ్బాయి మూడో గ్రేడు. బాదం, జీడిపప్పు, పిస్తా పడవు. పీటీఏ (తల్లిదండ్రులు-టీచర్ల సంఘం) వాళ్లు అమ్మమని చాక్లెట్ బార్ల పెట్టె ఇంటికి పంపారు, సగం బాదం ఉన్నవే. ఎక్కువ అమ్మినవాళ్లకు పిజ్జా పార్టీ అట. వాడు అమ్ముతానని ఒకటే పేచీ. తిప్పి పంపితే బాగుండదేమోనని మొహమాటంగా ఉంది. – ఓ తండ్రి

జవాబు: మొహమాటపడాల్సింది ఏమీ లేదు సార్. పెట్టెను విప్పకుండా తిప్పి పంపేయండి. బార్లు కవర్లలోనే ఉంటాయి కదా అనుకోవచ్చు. ఎనిమిదేళ్ల పిల్లాడి గదిలో నాలుగు వారాలుండే చాక్లెట్ పెట్టె అది. ఒకటి విరుగుతుంది, ఒకటి చెల్లెలు విప్పుతుంది.

పెట్టెతోపాటు పీటీఏ ట్రెజరర్‌కు నాలుగు ముక్కల ఉత్తరం పెట్టండి: 'మా అబ్బాయికి గింజ పప్పుల అలర్జీ ఉంది. ఈ పెట్టె తిప్పి పంపుతున్నాం. ఒక పెట్టె మీద స్కూలుకు మిగిలే మొత్తం ఎంతో చెబితే అంతా నేరుగా విరాళంగా ఇస్తాం. దాన్ని మా అబ్బాయి అమ్మకంగానే లెక్క వేసి, పిజ్జా పార్టీకి వాడినీ కలపండి.' చాక్లెట్ ఫండ్‌రైజర్లలో అమ్మిన సొమ్ములో పెద్ద వాటా చాక్లెట్ కంపెనీకే పోతుంది. స్కూలుకు మిగిలేదాన్ని నేరుగా ఇస్తే వాళ్లకేమీ నష్టం లేదు. పూర్తి మొత్తం మీకు భారమైతే ఇవ్వగలిగినంతే ఇవ్వండి. మీవాడికి కావాల్సింది లెక్కల్లో తన పేరు.

పార్టీ సంగతి ముందే మాట్లాడండి. పిజ్జా ఏ షాపు నుంచి, గింజ పప్పులు నూరి చేసే పెస్టో సాస్ ఉందా, చివర్లో పంచే డెజర్ట్ ఏమిటి అని అడగండి. 2004 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అక్కడ ప్యాక్ చేసిన ఆహారం మీద ఎనిమిది అలర్జీ పదార్థాలు రాయాలి, 2023 జనవరి 1 నుంచి తొమ్మిదోదిగా నువ్వులు చేరాయి. కానీ 'గింజల జాడలు ఉండవచ్చు' అన్న హెచ్చరిక కంపెనీల ఇష్టం, చట్టం అడగదు. ఆ వాక్యం లేదు కాబట్టి బాదం బార్లు పోసే మెషీన్ మీద బాదం లేని బార్లు పోయలేదని అనుకోకండి. కంపెనీ కస్టమర్ నంబరుకు ఫోన్ చేసి, ఒకే లైను మీద గింజలున్నవీ లేనివీ తయారు చేస్తారా, మధ్యలో లైను ఎలా కడుగుతారు అని అడగాల్సిందే. నువ్వులు పడని పిల్లలున్నవాళ్లకు మరో మాట. ఆ నియమం వచ్చాక, లైను శుభ్రంగా ఉంచడం కష్టమని కొన్ని బ్రెడ్ కంపెనీలు కావాలనే నువ్వులు కలిపి లేబుల్ మీద రాయడం మొదలుపెట్టాయి. ఏళ్లుగా కొంటున్న బన్నే అయినా లేబుల్ మళ్లీ చదవండి, విరాళాల కోసం స్కూళ్లు పెట్టే రెస్టారెంట్ నైట్‌లకు బర్గర్ షాపు పెట్టుకుంటే ఇంకా ముఖ్యం.

బడి వేళల్లో అమ్మే తినుబండారాలకు 2014 నుంచి ఫెడరల్ నియమాలున్నాయి కదా అని కొందరు ధీమాగా ఉంటారు. అవి చక్కెర, కొవ్వు, ఉప్పు, కేలరీల గురించి. అలర్జీకి వాటితో సంబంధం లేదు. మీకు పనికొచ్చేది 504 ప్లాన్. 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టంలోని ఆ సెక్షన్ కింద పబ్లిక్ స్కూలు మీ అబ్బాయికి రాతపూర్వకంగా ఏర్పాట్లు చేయాలి. చాలామంది అందులో లంచ్ బల్ల, రియాక్షన్ వస్తే ఇచ్చే ఇంజెక్షన్ ఎక్కడ ఉండాలి అన్నవి రాయించుకుని ఆగిపోతారు. ఫండ్‌రైజర్లు, గెలిచినవాళ్ల పార్టీలు, ఫీల్డ్ ట్రిప్పులు అన్న మాటలు పేరుపేరునా అందులో పడాలి. తినే వస్తువు ఏదైనా తరగతికి వచ్చే ఐదు పనిదినాల ముందు లేబుల్ మీకు పంపాలని రాయించండి. పీటీఏ వేరే సంస్థే అయినా పార్టీ స్కూలు గోడల మధ్య, స్కూలు వేళల్లో జరిగినప్పుడు ఆ కాగితం చూపించి మాట్లాడటానికి ప్రిన్సిపాల్‌కు వీలవుతుంది.

ప్రశ్న: గుంటూరులో టీచర్ని. మా క్లాసులో తిండి అలర్జీ ఉన్న బాబు ఒకడున్నాడు. స్టాళ్ల రోజు ఏదైనా జరిగితే మేం ఏం చేయాలి? వాళ్లమ్మ అలర్జీ సిరప్ ఇచ్చారు, అది చాలా?

జవాబు: చాలదండీ. ఆ సిరప్ దురద, దద్దుర్లు తగ్గిస్తుంది. ఊపిరి అందకపోవడాన్ని, బీపీ పడిపోవడాన్ని ఆపలేదు. ఆ పని చేసేది అడ్రినలిన్ ఇంజెక్షన్ ఒక్కటే, తొడ బయటి వైపు మధ్యలో కండలోకి.

ఎప్పుడు ఇవ్వాలన్నది ముందే డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించి పెట్టుకోవాలి. తిన్న కాసేపటికి గొంతు బొంగురుపోవడం, ఆగని దగ్గు, పిల్లికూతలు, నాలుక వాపు, సొమ్మసిల్లడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇవ్వాల్సిందే. ఒంటి మీద దద్దుర్లకు తోడు వాంతులు మొదలైనా అంతే. దద్దుర్లు రాలేదు కాబట్టి అలర్జీ కాదేమో అని ఆగొద్దు, అవి లేకుండానూ తీవ్రమైన రియాక్షన్ వస్తుంది.

అమెరికాలో అయితే నొక్కితే చాలు అన్నట్టుండే పెన్నులు, 2024 నుంచి ముక్కులో కొట్టే స్ప్రే కూడా ఉన్నాయి. మన దగ్గర ఆ పెన్నులు మందుల షాపుల్లో తేలిగ్గా దొరకవు. డాక్టర్లు మి.లీ.కు 1 మి.గ్రా. ఉండే ఆంప్యూల్ (మందున్న చిన్న గాజు సీసా), సిరంజి రాస్తారు. మోతాదు కిలో బరువుకు 0.01 మి.గ్రా., పిల్లలకు 0.3 మి.గ్రా. దాటకుండా. అంటే 20 కిలోల బాబుకు 0.2 మి.లీ. ఈ అంకె కాగితం మీద డాక్టరు చేతిరాతలో ఉండాలి, సిరంజి మీద ఆ గీత దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టించుకోవాలి. ఇన్సులిన్ సిరంజి వాడకండి, దాని గీతలు యూనిట్లలో ఉంటాయి, సూది పొట్టి కావడంతో మందు కండ దాకా పోదు. ఆంప్యూల్ మెడ విరిచి మందు లాగడం కంగారులో కుదిరే పని కాదు. వాళ్లమ్మతో కలిసి డాక్టరు దగ్గరకు వెళ్లి, నీళ్ల ఆంప్యూల్‌తో నాలుగైదుసార్లు చేసి చూసుకోండి. మందు ఎండలో, ఆపి ఉంచిన కారులో పెట్టొద్దు.

ఇంజెక్షన్ ఇచ్చిన వెంటనే 108కి ఫోన్ చేయాలి. బాబును వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే కూర్చోబెట్టొచ్చు, వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. బాగానే ఉన్నాడని లేపి నడిపించకూడదు, నిలబడగానే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. అయిదు నుంచి పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే రెండో మోతాదు. అందుకే ఆంప్యూళ్లు రెండు తెచ్చి ఇమ్మనండి. తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టే అవకాశం ఉంది. స్టాళ్ల రోజు మందు సంచి స్టాఫ్‌రూమ్ బీరువాలో తాళం వేసి ఉండకూడదు. బాబు ఉన్న చోటే ఒకరి భుజానికి ఉండాలి, ఆ ఒకరెవరో పొద్దున్నే తేల్చుకోండి. ఇంజెక్షన్ చేయగలవాళ్లు ఎవరూ లేకపోతే ఆ పూట తల్లినో తండ్రినో అక్కడే ఉండమనండి.

ప్రశ్న: ఒక్క పిల్లాడి కోసం అందరూ తినేది మానేయాలా అని పేరెంట్స్ మీటింగులో అడిగారు. తిండి లేకుండా డబ్బులు ఎలా వస్తాయి? – రాజమండ్రి

జవాబు: వస్తాయి. మన పండుగల క్యాలెండరే చాలు. వినాయక చవితికి మట్టి విగ్రహాలు, దీపావళికి ప్రమిదలు, సంక్రాంతికి గాలిపటాలు, వేసవి సెలవుల ముందు పాత పుస్తకాలు. రాజమండ్రిలో మీకు ఇంకో వీలుంది, కడియం నర్సరీలు పక్కనే. మొక్కలు టోకున తెచ్చి స్కూల్లో అమ్మితే పాడైపోయే సరుకు కాదు, మిగిలితే బడి ఆవరణలోనే నాటేయొచ్చు. వారం ముందు ఇళ్లకు చీటీలు పంపి ఎవరికి ఏ మొక్క కావాలో రాయించుకుని, సగం డబ్బు ముందే తీసుకుంటే మిగులు సరుకు బెడద కూడా ఉండదు. తులసి, మందారం, కరివేపాకు అడిగేవాళ్లు ఎక్కువగా ఉంటారు. పాత పేపర్ల సేకరణకు పెట్టుబడి అసలే అక్కర్లేదు, తరగతుల మధ్య పోటీ పెట్టి కాటా వేయించండి.

తిండి లేదు కదా అని ఇక్కడా పూర్తిగా ఏమరుపాటు వద్దు. పిల్లలు ఆడుకునే రంగు పిండి ముద్దలు చాలావాటిలో గోధుమపిండి ఉంటుంది. పక్షులకు పెట్టే గింజల సంచుల్లో పల్లీలుంటాయి. బొమ్మలు చేయడానికి ఇళ్ల నుంచి తెప్పించే గుడ్ల అట్టలకు పగిలిన సొన ఎండిపోయి ఉంటుంది, వాటికి బదులు కొత్త కాగితం కప్పులు తెప్పించండి.